అత్త కతలు, కిరసనాయిలు, సారా ప్యాకెట్టు

మా మేనత్త చదవడం నేర్చుకుంది 1991లో. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్ళు, ఇద్దరు పిలకాయలు, పొద్దున్నే కూలికి పోతే పొద్దు గూకాకే ఇల్లు చేరేది. మాది నెల్లూరు జిల్లాలో మెట్ట, కలిగిరి ఉదయగిరి వైపు. నెల్లూరంటే చాలామందికి మొలగొలుకులు, చేపల పులుసు, పెన్న నీళ్ళతో పారే పచ్చటి కయ్యలు గుర్తొస్తాయి కానీ ఆ భోగమంతా కింద డెల్టా వాళ్ళది, మా వైపు వానొస్తే సజ్జ, కాస్త నీళ్ళుంటే పొగాకు, ఏదీ లేకపోతే కావలి పోయి మద్రాసు రైలెక్కడమే.

ఇప్పుడిదంతా ఎందుకు రాస్తున్నానంటే, నేను ఉండేది చెన్నైలో, మా ఆఫీసులో ఒక సారున్నాడు, చాలా మంచోడు, ఏదో ధ్యానం కోర్సు చేసొచ్చినప్పట్నుంచీ టీ తాగేటప్పుడల్లా ఒకటే మాట, తృప్తి అనేది మన లోపలే ఉంటుందండీ, గవర్నమెంటు ఎవరిదైతే ఏంటి, జీతం ఎంతైతే ఏంటి, లోపల ప్రశాంతంగా ఉంటే చాలు అని. కాదని వాదించేంత చదువు నాకు లేదు. సరేనని తలూపుదామంటే మా అత్త అడ్డమొస్తుంది.

అత్తకి కతలంటే ప్రాణం. చదువు రాకముందు కూడా. పొగాకు ఆరబెట్టే కొట్టాలుంటాయి, బ్యారన్లంటాం, వాటి దగ్గర ఆడవాళ్ళు వరసగా కూర్చుని కర్రలకి ఆకు కడుతుంటారు కదా, చేతులు ఆపడానికి లేదు, నోరు మాత్రం ఖాళీ, అక్కడ అత్త చెప్పే కతల కోసం పక్క బ్యారన్ కూలోళ్ళు కూడా ఇటే వస్తామని అడిగేవాళ్ళంట. రాజు రాణి కతలు తక్కువ, అన్నీ మనుషులవే, ఫలానా ఊళ్ళో ఫలానా కోడలు మొగుడి చేత గొడ్ల కసువు ఎట్లా ఊడిపించింది అనే రకం. సగం నిజం, సగం అత్త కలిపింది, ఏది ఎక్కడ అతికిందో ఆమెకే తెలీదు.

చదువొచ్చాక ఈ పిచ్చి పొట్లం కాయితాలకి అంటుకుంది. అంగట్లో బొరుగులు కట్టిచ్చినా బెల్లం కట్టిచ్చినా అప్పట్లో పాత పేపర్లూ వారపత్రికలే, వాటిల్లో ఏదో ఒక సీరియల్ ముక్క ఉండేది. అత్త ఆ కాయితాన్ని తొడ మీద పెట్టి చేత్తో సాపు చేసి, రాత్రి అన్నాలయ్యాక బుడ్డి దీపం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కునేది. హీరోయిన్ బస్సు దిగి ఎవరినో చూసి ఆగిపోద్ది, అంతే, కాయితం అయిపోయింది, తర్వాత పేజీలో ఎవరింటి శనగపప్పు పోయిందో ఎవరికి తెలుసు. మిగతాది అత్తే అల్లేది. మర్నాడు బ్యారన్ దగ్గర ఆ కత మొదలుంచి చివరిదాకా సిద్ధం. ఒకసారి మా అక్కకి ఎక్కడో ఆ సీరియల్ పుస్తకంగా దొరికితే తెచ్చి చదివి వినిపించింది, అత్త మొత్తం విని "ఈయన చెడగొట్టాడమ్మే, ఆ పిల్ల వెనక్కి తిరిగి బస్సెక్కాల" అనింది. రాసినాయనకి అన్యాయం చెయ్యకూడదు కానీ, నాకైతే అత్తదే బాగుంది.

ఆ చదువు ఎట్లా వచ్చిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1990లో కేరళలో ఎర్నాకుళం జిల్లా మొత్తం అక్షరాలు నేర్చుకుందని దేశమంతా ఒకటే మోత. ఆ ఊపులో సంపూర్ణ అక్షరాస్యత అని జిల్లాల వారీగా మొదలెట్టారు, మన వైపు నెల్లూరు జిల్లాని తీసుకున్నారు. సైన్సు ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక వాళ్ళు, టీచర్లు, కాలేజీ పిల్లలు జట్లు జట్లుగా ఊళ్ళ మీద పడ్డారు, డప్పులు కొట్టి పాటలు పాడి వీధి నాటకాలేసి, చూడ్డానికి అదో తిరనాళ్ళ లాగుండేది. ప్రతి ఊళ్ళో కాస్త చదువుకున్న పిల్లలే పంతుళ్ళు. మా అక్క పదో క్లాసు పాసయ్యి ఇంట్లో ఉంది, ఆమెని వాలంటీర్ని చేశారు. నేను లాంతరు తుడిచే ఉద్యోగం. రాత్రి ఎనిమిదికి రామాలయం అరుగు మీద క్లాసు, పలకలు, పుస్తకాలు అన్నీ వాళ్ళే ఇచ్చారు, కూతురి వయసు పిల్ల చెప్తుంటే తల్లులు, అవ్వలు కూర్చుని రాసేవాళ్ళు. మా అవ్వ రెండు రోజులొచ్చి "నాకెందుకమ్మా, యముడు సంతకం అడగడులే" అని మానేసింది.

అత్త మానలేదు. మూడు నెలల్లో సంతకం వచ్చేసింది, అక్కడితో చాలామంది ఆగిపోయారు, అత్త ఆగలేదు. ఆగాల్సొచ్చింది మాత్రం ఇంకో కారణానికి, ఈ పోస్టు మొత్తం దాని గురించే అనుకోండి.

మామ తాగేవాడు. మా ఊళ్ళో తాగని మొగోళ్ళని వేళ్ళ మీద లెక్కెయ్యొచ్చు కాబట్టి ఇదేం పెద్ద విశేషం కాదు. సారా ప్యాకెట్లలో వచ్చేది, సర్కారోళ్ళే సీసాల్లో, ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి కాంట్రాక్టర్లకి వేలం పాడించి అమ్మించే పద్ధతి, వారుణి వాహిని అని పేరు కూడా పెట్టారు దానికి, ఎన్టీ రామారావు టైములో మొదలయింది. అంతకుముందు తాగాలంటే సారా అంగడి దాకా పోవాలి, ప్యాకెట్లొచ్చాక సారానే కయ్యల గట్ల మీదికి, బావి పని దగ్గరికి, ఇంటి గడప దాకా సైకిల్ మీద వచ్చేది. కూలి డబ్బుల్లోనే పట్టుకునేవాళ్ళు.

మరి అదే ఎన్టీ రామారావు 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాడు, అది తిని పెరిగినోడిని నేను, ఆ మాట దాస్తే కళ్ళు పోతాయి. ఆయనే ఆడపిల్లలకి ఆస్తిలో హక్కు చట్టం తెచ్చాడు. అది 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకొచ్చింది, అప్పటికే పెళ్ళయిపోయినోళ్ళకి వర్తించదు. అత్త పెళ్ళి 1979లో. మా తాత పోయినాక ఉన్న రెండెకరాల మెట్ట మా నాయనకొచ్చింది, అత్తకి ఏమీ రాలేదు. ఆ నేలలో ఏం పండేది కాదులే అని మా ఇంట్లో సర్దిచెప్పుకునేవాళ్ళు. అత్త మాత్రం "రామారావు ఆరేళ్ళు ముందొచ్చుంటే నేనూ పాసుబుక్కున్న దాన్నే కదన్నా" అని మా నాయన్ని ఆటపట్టించేది, ఆయన నవ్వలేక నవ్వేవాడు.

చదువు దగ్గరికొస్తా. క్లాసు రాత్రి తొమ్మిదిన్నరకి అయిపోద్ది, అత్త చదువు అసలు మొదలయ్యేది ఆ తర్వాతే, ఇంట్లో, బుడ్డి వెలుగులో. అప్పటికి వాళ్ళ ఇంటికి కరెంటు లేదు. బుడ్డికి కిరసనాయిలు రేషన్ షాపులో ఇచ్చేది, నెలకి ఇంతని. మామ ఒక నెల ఆ కిరసనాయిలు తీసుకెళ్ళి అమ్మేశాడు. ఆ డబ్బులతో ప్యాకెట్లు. బియ్యం అమ్ముకునే మొగోళ్ళు అప్పటికే ఉన్నారు, అత్త బియ్యాన్ని ఎట్లాగో కాపాడుకునేది, మా ఇంట్లో గుమ్మిలో దాచేది, కిరసనాయిలు గురించి ఆమెకి తట్టలేదు. ఆ నెలంతా చీకటి. తర్వాతి నెలా అంతే. పొట్లం కాయితాలు చూరులో దోపి పెట్టుకునేది, చదవడానికి పగలు టైము లేదు, రాత్రి వెలుగు లేదు.

నేను పెద్దయ్యాక దీని గురించి ఎంత ఆలోచించానో. ఒకే గవర్నమెంటు ఒక చేత్తో ఆమెకి అక్షరాలు ఇచ్చింది, కిరసనాయిలు ఇచ్చింది, ఇంకో చేత్తో ఆ కిరసనాయిలు గుంజుకునే సరుకుని ప్యాకెట్లో పెట్టి మామ చేతిలో పెట్టింది. 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజు మీద వచ్చిన ఆదాయం 39 కోట్లయితే 1991-92కి అది 812 కోట్లకి పోయింది. ఆ 812 కోట్లలో మా అత్త కిరసనాయిలు కూడా ఉంది. ఆమె "లోపల" కతలకి ఏ కొదవా లేదు, కావాలంటే వంద పుట్టేవి, కానీ ఆ లోపలికి పోవాలంటే ఒక గంట వెలుగు కావాలి, ఆ గంటలో వీపు మీద దెబ్బ పడదు అనే నమ్మకం కావాలి. మా ఆఫీసు సారుకి ఈ రెండూ పుట్టినప్పట్నుంచీ ఉన్నాయి కాబట్టి అవి ఉన్నాయనే తెలీదు.

క్లాసులకి కూడా ఇదే గొడవ. తాగొచ్చి అరుగు దగ్గర నిలబడి పెళ్ళాలని లేపుకుపొయ్యేవాళ్ళు, పలకలు విసిరేసేవాళ్ళు. ఇది ఒక్క మా ఊరి సంగతి కాదు, చాలా ఊళ్ళల్లో అంతే జరిగింది, సారా ఉన్నంత కాలం మాకు చదువెట్లా అని ఆడవాళ్ళు అడగడం అక్కడే మొదలయింది. చదువు చెప్పిన గవర్నమెంటుకి ఈ ప్రశ్న వస్తుందని తెలిసుండదు పాపం.

అక్షరాలయ్యాక ఇంకో పుస్తకం ఇచ్చారు చదువుకోడానికి. అందులో ఒక పాఠం, ఆడవాళ్ళు ఏకమైతే అని, కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్ళు ఊళ్ళోంచి సారాని ఎట్లా తరిమేశారో రాశారు. అందులో ముందు నిలబడ్డ దూబగుంట రోశమ్మ పేరు తర్వాత్తర్వాత దేశమంతా తెలిసింది కానీ అప్పటికి మాకు ఆ ఊరు పక్కూరి లాంటిదే, సంతకి పోతే ఆ ఊరోళ్ళు కనపడతారు. అత్త ఆ పాఠం చదివి మా అక్కని అడిగింది, "ఇది కతా, నిజమా?" అని. నిజమేనంట అత్తా, ఇక్కడే కదా, అనింది అక్క. అత్తకి అది మింగుడు పడలేదు. పొట్లం కాయితాల అలవాటు కదా, సగంలో ఆగిపోతే మిగతాది తను చెప్పేది, ఇదేమో చివరిదాకా రాసేశారు, పైగా అల్లింది కాదు, జరిగింది.

1992లో మా ఊళ్ళో కూడా మొదలయింది. నేను తొమ్మిదో క్లాసు. ఎవరు ముందు మొదలెట్టారు అంటే ఎవరి పేరూ చెప్పలేను, ఒకరోజు పొద్దున ఆడవాళ్ళందరూ సారా అంగడి ముందు కూర్చున్నారు, చీపుర్లున్నాయి, కారప్పొడి ఉంది, కాంట్రాక్టర్ మనుషులు జీపులో వచ్చి బెదిరించారు, పోలీసోళ్ళొచ్చి మీకెందుకమ్మా ఇవన్నీ అన్నారు. అత్త ముందు వరసలో లేదు. ఆమె ఏం ధైర్యవంతురాలు కాదు, గట్టిగా అరిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం. కానీ ఆమెకి చదవడం వచ్చు. ఆ రోజుల్లో ఈనాడు పేపర్లో రోజూ సారా ఉద్యమం వార్తలు పేజీలు పేజీలు వచ్చేవి, ఏ ఊళ్ళో ఏం జరిగింది, ఎక్కడ ప్యాకెట్లు తగలబెట్టారు, అన్నీ. టీ అంగట్లో ఉండే ఆ పేపర్ని మా అక్క మధ్యాహ్నం తెచ్చేది, సాయంత్రం అంగడి ముందు కూర్చున్న అందరికీ అత్త చదివి వినిపించేది.

మొదట్లో నట్టుకుంటా చదివేది, వేలు పెట్టుకుని. పది రోజులకి గొంతు సర్దుకుంది. నెలకి, ఏ లైను దగ్గర ఆగాలో, ఎక్కడ అందరి మొహాలు చూడాలో అన్నీ వచ్చేశాయి. వార్తని వార్తగా చదివే అలవాటు ఆమెకెట్లాగూ లేదు, ఫలానా ఊళ్ళో ఆడవాళ్ళు జీపుని అడ్డుకున్నారు అని ఒక్క లైనుంటే ఆ జీపు డ్రైవరు మొహం ఎట్లా మాడిపోయిందో కూడా అత్త చదివేసేది, పేపర్లో లేకపోయినా. పక్క ఊళ్ళ నుంచి కూడా వినడానికి వచ్చేవాళ్ళు. మా నాయన ఒకరోజు దూరంగా నిలబడి విని ఇంటికొచ్చి మా అమ్మతో "మా చెల్లెలేనా అది" అన్నాడు, అది మెచ్చుకోలో భయమో నాకు తెలీలేదు.

నెల్లూర్లో సారా వేలంపాటలు పెట్టాలని చూశారు, ఆడవాళ్ళు లారీల్లో వెళ్ళి అడ్డం కూర్చుంటే వాయిదా పడింది, మళ్ళీ పెట్టారు, మళ్ళీ వాయిదా. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి మా జిల్లా ఆయనే, వాకాడు ఆయనది, సొంత జిల్లాలో ఆడవాళ్ళు రోడ్డు మీదుంటే ఆయనకి ఎట్లుందో. ఆ ఏడాదే అక్టోబర్లో ఆయన దిగిపోయి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చాడు. 1993 ఏప్రిల్లో ముందు మా జిల్లాలో సారా ఆపారు, అక్టోబరు 1 నుంచి రాష్ట్రం మొత్తం. తర్వాత ఎన్టీ రామారావు మళ్ళీ గెలిచి 1995 జనవరిలో అసలు మద్యమే లేకుండా చేశాడు. సారాని ప్యాకెట్లో పెట్టిందీ ఆయనే, మొత్తం మూయించిందీ ఆయనే, మా అవ్వ ఆయన ఫొటోకి దండం పెడతా తిట్టేది.

చాలా ఏళ్ళ తర్వాత అత్తని ఊరికే అడిగా, నీ జీవితంలో అన్నిటికన్నా బాగున్నది ఎప్పుడత్తా అని. సారా ఆగిపోయినాక అంటుందనుకున్నా. "ఆగినాక కాదురా, అంగడి ముందర కూర్చున్నామే, ఆ ఆర్నెల్లు" అనింది. ఆ ఆర్నెల్లూ ఇంట్లో తిండికి కష్టం, కూలికి సరిగా పోలేదు, మామ రెండుసార్లు కొట్టాడు, పిలకాయలు మా ఇంట్లోనే తినేవాళ్ళు. పరిస్థితులు ఒక్కటి కూడా బాగలేవు. అయినా ఆమెకి అదే బాగుంది. నా లెక్క అక్కడ తప్పింది. పరిస్థితులు మారితేనే మనిషి వికసిస్తాడు అని నేను మా ఆఫీసు సారుతో వాదిద్దామని పెట్టుకున్న పాయింటు అత్తే పొడిచేసింది. అట్లాగని సారు గెలిచాడా అంటే అదీ లేదు, అత్త సంతోషం ఆ అంగడి ముందు నలుగురి మధ్య గొంతు విప్పి చదవడంలో ఉంది, కళ్ళు మూసుకుని లోపల వెతుక్కుంటే దొరికింది కాదు. పరిస్థితుల మీద చెయ్యి చేసుకునే అవకాశం ఒకటుంటుంది చూడండి, అది దొరికింది ఆమెకి.

మామ గురించి చెప్పకపోతే అన్యాయం అవుద్ది. ఆయన బావులు తవ్వే మనిషి. మా మెట్టలో నీళ్ళు పాతాళంలో, రాయి కొట్టుకుంటా దిగాలి, పగలంతా గడ్డపార పట్టుకుని సాయంత్రానికి నడుము పట్టుకునేవాడు. తాగితేగానీ నిద్ర పట్టదు అనేవాడు, అది సాకు అని అందరం అనేవాళ్ళం, ఇప్పుడు ఈ వయసులో డిస్కు నొప్పితో నేను మంచం పట్టినప్పుడు నాకు మాత్రలు, ఫిజియోథెరపీ, లీవు అన్నీ ఉన్నాయి, మామకి ఉన్నదల్లా ప్యాకెట్టు. సారా ఆపినప్పుడు ఆ నొప్పికి ఇంకోటి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. మొదటి పది రోజులు ఆయన చేతులు వణికిపోయేవి, రాత్రుళ్ళు ఏదేదో మాట్లాడేవాడు. ఆర్ఎంపీ డాక్టరు ఇచ్చిన ఏవో బిళ్ళలు మింగి బయటపడ్డాడు. ఆ తర్వాత సాయంత్రం ఇంట్లో ఏం చెయ్యాలో తెలీక, పాపం, గడపలో కూర్చునేవాడు. లోపల అత్త పిలకాయలకి కత చెప్తుంటే వినేవాడు. ఒకరోజు మధ్యలో దూరి "వాడట్టా ఎందుకు చేస్తాడు, మొగోడు అట్టా చెయ్యడు" అని కతలో మొగోడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడంట. అప్పట్నుంచి కతల్లో మొగోళ్ళ డైలాగులు ఆయన డిపార్టుమెంటు.

ఆ మూడు నాలుగేళ్ళు వాళ్ళ ఇంట్లో నేను చూసిన నవ్వులు మళ్ళీ చూళ్ళేదు. ఒక్క బల్బు కనెక్షన్ వచ్చింది. మా జిల్లా ఆడవాళ్ళు రోజుకి రూపాయి పక్కన పెట్టి పొదుపు సంఘాలు కట్టారు, సారాకి పొయ్యే డబ్బే కదా అని. ఆ సంఘానికి అత్త లెక్కలు రాసేది, దొంగ లెక్క రాయమంటే మాత్రం మొహం మీదే నవ్వేది. పిలకాయల్లో చిన్నోడు పదో క్లాసుకొచ్చాడు.

ఆమధ్యలో ఏమీ చెడు జరగలేదని కాదు. దొంగసారా కాచేవాళ్ళు, పక్క రాష్ట్రాల సరుకు రాత్రిపూట దిగేది. కానీ తాగాలంటే కష్టపడాలి, మామ లాంటోళ్ళకి అంత ఓపిక లేదు. రామారావు పోయాడు, 1996లో బియ్యం రెండు నుంచి మూడున్నర అయింది, 1997లో మద్య నిషేధం ఎత్తేశారు, ఖజానాకి డబ్బుల్లేవు అన్నారు. సారా మాత్రం రాలేదు, బ్రాందీ విస్కీ వచ్చింది, సీసాల్లో, దానికన్నా ఎక్కువ రేటుకి. తర్వాత్తర్వాత బెల్టు షాపులు అని, లైసెన్సు లేని అంగళ్ళు, ప్రతి వీధికీ వచ్చేశాయి. మామ కూడా మళ్ళీ మొదలెట్టాడు. ఎక్కువ చెప్పను దీని గురించి. 2004లో పోయాడు, లివరు.

ఈసారి ఎవరూ అంగడి ముందు కూర్చోలేదు. ఎందుకు కూర్చోలేదు అని నేనోసారి ఆవేశంగా అడిగితే అత్త "ఎన్నిసార్లురా" అని మాత్రం అనింది. పొదుపు సంఘాలు కూడా అప్పటికి అప్పుల సంఘాలు అయ్యాయి, ప్రైవేటు ఫైనాన్సు వాళ్ళొచ్చి వారం వారం వసూళ్ళు, ఇంటి ముందు కూర్చుని పరువు తీయడం, 2010లో గవర్నమెంటు చట్టం చేసేదాకా. రూపాయి దాచుకునే పుస్తకంలో లెక్కలు రాసిన అత్తే తర్వాత వారం వాయిదాల లెక్కలు రాసింది. పుస్తకం మారలేదు.

ఇక్కడ మా బంధువొకాయన గురించి చెప్పాలి, మా అమ్మ తరఫు, మామ వరస అవుతాడు. నెల్లూర్లో గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, సొంతిల్లు, పెన్షను, కొడుకు అమెరికాలో. మనిషిని ఎప్పుడు చూసినా కాల్చిన వంకాయ లాగుంటాడు. డీఏ రాలేదు, పక్కింటోడు గోడ జరిపాడు, కొడుకు ఫోన్ చెయ్యలేదు. మా ఇంట్లో డబ్బుతో సుఖం రాదు అనడానికి ఈయన్నే ఉదాహరణ చూపిస్తారు. అత్త ముందు ఒకసారి ఎవరో ఈ మాటన్నారు, అత్త ఊరుకోలా. "ఆయన ఏడవడానికి ఆయనకి తీరిక ఉండాది, నీడ పట్టున కూర్చుని ఏడస్తుండాడు, నాకు ఏడవాలన్నా పని ఒప్పజెప్పి ఏడవాల" అనింది. మా ఆఫీసు సారుకి ఈ మాట చెప్పాను. నవ్వి, ఆమె చాలా పెద్ద జ్ఞాని అన్నాడు. జ్ఞాని అనేస్తే ఇంక కూలి రేటు గురించి మాట్లాడక్కర్లేదు కదా, నాకు అదే ఒళ్ళు మండేది.

ఇప్పుడు అత్తకి అరవై దాటాయి. పరిస్థితులు, మెటీరియల్‌గా చూస్తే, ఎప్పుడూ లేనంత బాగున్నాయి. వితంతు పింఛను 2024 జులై నుంచి నాలుగు వేలయ్యింది, ఒకటో తారీఖున ఇంటికి తెచ్చిస్తారు. గ్యాసుంది, ఫ్యానుంది, కొళాయి ఉంది, కంటి శుక్లాలు తీయించాం. ఒక్క ఇబ్బంది, బయోమెట్రిక్. పొగాకు పని చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయాయి, మిషన్ తీసుకోదు, రేషనుకి కూడా అదే గొడవ, కళ్ళు స్కాన్ చేస్తే ఒక్కోసారి పడుద్ది ఒక్కోసారి పడదు. వేలిముద్ర మనిషి అనిపించుకోకూడదని ముప్పై ఏళ్ళప్పుడు రామాలయం అరుగు మీద సంతకం నేర్చుకుందా, ఇప్పుడు మళ్ళీ వేలే కావాలంటున్నారు. "సంతకం పెడతా తీసుకోండయ్యా, తెలుగులో, పొల్లుతో సహా" అంటదంట గ్రామ సచివాలయం పిల్లోడితో, వాడు "మిషన్లో ఆ ఆప్షన్ లేదు అవ్వా" అంటాడంట, ప్రతి నెలా ఇద్దరికీ ఇదో కాలక్షేపం.

కానీ నేను అసలు బాధపడేది ఇంకోదానికి. ఆమె ఇప్పుడు కతలు చెప్పదు. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చూశా, కరెంటుంది, కళ్ళున్నాయి, కావాల్సినంత టైముంది, కొట్టేవాళ్ళు లేరు, ఏవేవైతే లేక అల్లాడిపోయిందో అవన్నీ ఉన్నాయి, పొద్దస్తమానం టీవీ సీరియల్ పెట్టుకుని కూర్చుంటుంది. నేను వారపత్రికలు పాతవి వెతికి ఒక కట్ట తీసుకెళ్ళా, కావాలని కొన్ని సగానికి చించి మరీ. చూసి పక్కన పెట్టింది. ఏందత్తా, ఒక్క కత చెప్పవా, నా పిల్లలకి చెప్పు, అంటే "వాళ్ళకి తెలుగు అర్థమవదు, నీకేమో ఫోన్లో రికార్డు చేసుకోవాలని ఉండాది, పోరా" అనింది.

నేను వదల్లేదు. అప్పుడు ఏమీ లేకపోయినా చెప్పావు, ఇప్పుడన్నీ ఉండి చెప్పవా అన్నా, గొంతులో కొంచెం నిష్ఠూరం కూడా ఉన్నట్టుంది. అత్త టీవీ సౌండు తగ్గించింది. "అప్పుడు చెప్పకపోతే ఆ ఆకు కట్టే పనికి పిచ్చెక్కేది. పదిమందిమి కూర్చునేవాళ్ళం, చెప్పేదాన్ని. ఇప్పుడు పది మంది ఎక్కడుండారు, సగం మంది పోయారు, సగం మంది కొడుకుల దగ్గర బెంగుళూర్లో ఉండారు. అయినా చెప్పాలని లేదు నాకు. చెప్పకుండా ఊరికే కూర్చోడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, అది కూడా చెడగొడతావా నువ్వు?" అనింది. నేను నోరు మూసుకున్నా.

తిరుగు ప్రయాణంలో కారులో మా అక్కతో ఇదే గొడవ. నేనేమంటానంటే, ఆ నలుగురు ఆడవాళ్ళు కూర్చునే చోటు పోయింది, బ్యారన్లు తగ్గిపోయాయి, సంఘం మీటింగులంటే ఇప్పుడు ఫోన్లో మెసేజీలు, అందుకే ఆమె గొంతు పోయింది, పింఛను ఇచ్చి టీవీ ఇస్తే సరిపోద్దా అని. అక్కేమో నువ్వు ఎప్పుడూ ఆమె నీ కోసం కత చెప్పాలనే చూస్తావు, ఒక ఆడమనిషి అరవై ఏళ్ళకి కాళ్ళు చాపుకుని సీరియల్ చూస్తే నీకు కళ్ళు కుడుతున్నాయి, రాయాలనుంటే నువ్వే రాసుకో అనింది. కావలి దాటేదాకా వాదించుకున్నాం, తర్వాత ఆమె నిద్రపోయింది. అత్త చెప్పినవాటిల్లో నాకు గుర్తున్నవి ఏడో ఎనిమిదో ఉన్నాయి, మిగతావి అక్కకి గుర్తున్నాయంట, ఈ వేసవికి కూర్చుని రాయాలి, అత్త పేరు పెట్టాలా వద్దా అనేది మాత్రం ఇంకా తేలలేదు.